బాయిలరు బాబాయి టెండరు

పెద్దాసుపత్రి వెనక, మందుల గోడౌను దాటాక ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉండేది. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికేది అక్కడే. ఆ షెడ్డుకి పెద్దదిక్కుగా ఉన్నాయన్ని అందరూ బాయిలరు బాబాయి అనేవారు. పొద్దస్తమానం బాయిలరు దగ్గర నిలబడతాడు కనక ఆ పేరొచ్చిందని కొందరు, ఇట్టే ఆవిరెత్తిపోతాడు కనక వచ్చిందని ఇంకొందరు. రెండూ నిజమే. డాక్టర్లకి కూడా ఆయన బాబాయే. "బాబాయ్, ఆపరేషను గదికి దుప్పట్లు రాలేదు!" అని ఎవరైనా కేకేస్తే, "తడివే ఇచ్చెయ్యనా? రోగికి జలుబు పట్టుకుంటే మీరే చూసుకుంటారా?" అని అంతకంటే గట్టిగా కేకేసేవాడు.

ఆయన్ని ఆ షెడ్డులోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది సొంత అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకిందీ ఆవిడే, మీసాలు రాగానే పనిలో పెట్టించిందీ ఆవిడే. అక్క పని కుట్టు. చిరిగిన దుప్పట్లూ దిండు గలేబులూ కిటికీ పక్కన ఆవిడ మిషను దగ్గరికి చేరేవి. అతుకు వేశాక దాన్ని చెంపకి ఆనించి చూసుకునేది. ఏమాత్రం గరుకుగా తగిలినా విప్పేసి మళ్లీ కుట్టేది. "పడుకున్నవాడికి ఉన్న నొప్పి చాలదా, నా కుట్టు కూడా గుచ్చుకోవాలా?" అనేది. "నీ అతుకు అయ్యేసరికి రోగి నయమై ఇంటికి పోతాడే!" అని తమ్ముడు వెక్కిరించేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారియరు విప్పుకుని, కూర ఎవరికి తక్కువొచ్చిందని పోట్లాడుకుంటూ తినేవారు.

ఇలా ఉండగా ప్రభుత్వ ఖజానా వట్టిపోయిందన్నారు. కొత్తగా ఒక లెక్కల ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడే, మర్యాద తెలిసినవాడు. షెడ్డులోకి వచ్చి, ఆవిరి పట్టిన కళ్లజోడు తుడుచుకుంటూ విషయం చెప్పాడు.

"ఇది ప్రజల డబ్బండీ. బయట ఎవరైనా ఇంతకంటే చవగ్గా ఉతికిపెడుతుంటే మనం ఎక్కువ ఖర్చు చెయ్యడం న్యాయమా? అందుకే టెండరు పిలుస్తున్నాం. మీరూ వెయ్యండి బాబాయ్ గారూ. ఉద్యోగుల్లా కాదు, ఒక జట్టుగా. గెలిస్తే షెడ్డు మీ చేతికి ఇచ్చేస్తాం. ఎలా నడుపుకుంటారో మీ ఇష్టం. మిగిలించుకున్నది మీది."

తక్కినవాళ్లు లబోదిబోమన్నారు. బాబాయి మాత్రం అనలేదు. నిజం చెప్పుకోవాలంటే, ఆయనకి ఆ మాట భలే నచ్చింది. ఒక బాయిలరు సరిపోయే చోట రెండు మండిస్తున్నారని ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నాడు. సబ్బు పొడి ఎవరి చొక్కా కింద గేటు దాటుతోందో కూడా చెప్పాడు. ఏ మహానుభావుడూ చెవిన వేసుకోలేదు. ఇన్నాళ్లకి ఒకడు వచ్చి, నీకు తెలుసు కదా, నువ్వే నడుపు అంటున్నాడు. ఆయన ఛాతీ ఒక్కసారిగా విచ్చుకుంది. రెండో బాయిలరు ఆర్పేశాడు, కారే గొట్టాలు బిగించాడు, బట్టలారేసే తీగలన్నీ గోడౌను డాబా మీద ఎండలోకి మార్చాడు. ఖర్చు నిజంగానే దిగింది. ఈ సంగతిలో ఆఫీసరు చెప్పింది తప్పని ఎవరూ అనలేరు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఎక్కడిదో పెద్ద కంపెనీ టెండరు వేస్తోందని పుకారు పుట్టింది. ఒకరోజు టైలు కట్టుకున్న ఇద్దరు మనుషులు షెడ్డు చూడ్డానికి వచ్చారు కూడా. బాబాయి వాళ్లని కావాలనే మురుగు కాలువ పక్కనుంచి తిప్పాడు. బాయిలరు మూలిగినప్పుడల్లా, "ఇది ఎప్పుడు పేలుతుందో నాకే తెలీదండీ" అన్నాడు. వాళ్లు ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు. జట్టంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వడం అయితే నవ్వాడు గానీ, ఆ రోజునుంచి బాబాయికి అన్నం సహించలేదు. ఒక వైపు తడిగుడ్డ మింగి రెండో వైపు ఇస్త్రీ గుడ్డ కక్కే యంత్రాలున్నాయట వాళ్ల దగ్గర. వాళ్లు ఏ ధర వేస్తారో? తన ధర తగ్గించాడు. మర్నాడు ఇంకా తగ్గించాడు. సబ్బులో, బొగ్గులో తగ్గించగలిగింది అయిపోయింది. మిగిలింది మనుషులు.

టెండరులో ఉతకాలి, ఆరబెట్టాలి, ఇస్త్రీ చెయ్యాలి అని ఉంది. కుట్టాలి అని ఎక్కడా లేదు. ఇస్త్రీవాడు సగం రోజు బల్ల మీదే గుర్రుపెడతాడు, అయినా ఇస్త్రీ టెండరులో ఉంది. అక్క ఒక్క పూట కూడా కునుకు తియ్యదు, అయినా కుట్టు టెండరులో లేదు.

కుట్టు తీసేసి ధర వేస్తానని భార్యతో అన్నాడు. ఆవిడ నిర్ఘాంతపోయింది. "అంత పని చెయ్యకండి. ముందు మీ అక్కని ఒక్క మాట అడగండి!"

"అడిగితే సరేనంటుందే. ఆ సరే నేను వినలేను" అన్నాడు బాబాయి.

వినలేని మనిషి చెయ్యగలిగాడు చూడండి! కుట్టు తీసేసి ధర వేసి, కవరు అంటించి ఇచ్చేశాడు. అక్క దగ్గరికి వెళ్లి, "కుట్టుపని వాళ్లు తీసేశారక్కా. ఎంత పోరినా వినలేదు" అన్నాడు. అబద్ధం. పచ్చి అబద్ధం. అక్క చేతిలో ఉన్న అతుకు చివరిదాకా కుట్టింది. "నువ్వు మాత్రం ఏం చేస్తావురా? షెడ్డు నిలబడితే అదే పదివేలు" అని మిషనుకి నూనె వేసి, గుడ్డ కప్పి ఇంటికి వెళ్లింది.

కవర్లు తెరిచే రోజు బాబాయి ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని ఆఫీసరు గదికి వెళ్లాడు. బల్ల మీద ఒక్క కవరే ఉంది. మిగతావి తెస్తారేమోనని తలుపు వైపు చూశాడు.

"మీదొక్కటే వచ్చిందండీ. కంపెనీ వాళ్లు షెడ్డు చూసి బెదిరిపోయారట. గెలిచారు!" అని ఆఫీసరు సంతోషంగా చెయ్యి చాపాడు.

బాబాయి ఆ చెయ్యి అందుకోకుండా కవరు మీద చెయ్యి వేశాడు. "సార్... ధర కాస్త మార్చుకోవచ్చా?"

"తెరిచాక ఎలా కుదురుతుందండీ?" అన్నాడు ఆఫీసరు, నిజంగానే నొచ్చుకుంటూ. "మూడేళ్లూ ఇదే ధర."

ఒక్క కవరే వచ్చిందన్న సంగతి బాబాయి జట్టులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. జట్టువాళ్లు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని షెడ్డంతా తిప్పారు.

షెడ్డు బాగానే నడిచింది. ఎవరి వాటా వాళ్లకి ముట్టింది. చిరిగిన దుప్పట్లు మాత్రం మూల గుట్టపడి, చివరికి చెత్తబండి ఎక్కేవి. ఆసుపత్రి కొత్తవి కొనేది. ఆ ఖర్చు వేరే పద్దులోది కాబట్టి షెడ్డు లెక్కలో పొదుపు పొదుపుగానే కనిపించింది.

అక్క ఒక చొక్కాల కార్ఖానాకి ఇంటి దగ్గర గుండీలు కుట్టిపెట్టేది. ఆవిడ గది కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. వెలుగు రావాలంటే గోడ దయతలచాలి. బాబాయి వారం వారం పళ్లు పట్టుకుని వెళ్లేవాడు. డబ్బిస్తే అక్క ముట్టుకునేది కాదు. ఈసారి చెప్పేద్దాం అనుకుంటూ మెట్లెక్కేవాడు. ఎండలు ఎక్కువగా ఉన్నాయనో, మోకాళ్లు నొప్పులనో మాట్లాడి దిగేవాడు. ఎంత ఏడుపు ఉండేదో లోపల, ఆయనకే తెలుసు.

మూడేళ్లు నిండుతుండగా ఆఫీసరు కబురు పెట్టాడు. "దుప్పట్ల కొనుగోలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయండీ. ఈసారి టెండరులో కుట్టుపని కూడా పెడుతున్నాం. మంచి పనితనం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

బాబాయి ఆ వయసులో మెట్లు రెండేసి ఎక్కాడు. "అక్కా, లే! మిషను తుడిపించి ఉంచాను. మళ్లీ నీ కిటికీ నీదే!"

అక్క మొహం వికసించింది. తర్వాత సూదీ దారం పట్టుకుని ఎక్కించబోయింది. దారం సూదిని తప్పించుకు పోయింది. మళ్లీ ప్రయత్నించింది. బాబాయి చూస్తూ ఉండలేక లాక్కుని తనే ఎక్కించి ఇచ్చాడు.

"చూశావుగా, ఇదీ నా సంగతి" అని నవ్వింది. "గుండీలైతే తడుముకుంటూ కుట్టేస్తాను. అతుక్కి కళ్లు కావాలి కదరా. ఇంకెవర్నైనా పెట్టుకో." తమ్ముడి మొహం చూసి, వీపు నిమిరింది. "అంత దిగులెందుకురా? నీ చేతిలో ఉన్నదా అది? ఆ రోజు నాకోసం వాళ్లతో ఎంత కొట్లాడి ఉంటావో నాకు తెలీదూ?"

ఆ చెయ్యి వీపు మీద ఉండగా ఆయన ఇక ఓర్చుకోలేకపోయాడు.

"కొట్లాడలేదక్కా. వాళ్లు తియ్యలేదు. నిన్ను ఉంచుకుంటే కాదనేవాళ్లే లేరు. నేనే తీసేశాను. పోటీలో ఓడిపోతామేమోనని, ధర తగ్గించాలని..."

అక్క చెయ్యి ఆగింది.

"ఎంతమంది వేశారురా టెండరు?"

"నేనొక్కణ్ణే."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే అక్కా."

అక్క ఒళ్లో గుండీలు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అన్నీ వేశాక తలెత్తింది.

"మరి పోటీ ఎవరితోరా? నాతోనా?"