జనెల్ పేర నాటిన చెట్లు

వెర్లిన్ హ్రుస్కా మా పక్క బీడు ఆసామి. అమెరికాలోని నెబ్రాస్కా ఇసుక దిబ్బల మధ్య అతను పశువులు మేపే నేలలో ఒక బోడిగుట్ట ఉంది. ఏప్రిల్ వస్తే తెల్లవారకముందే ప్రెయిరీ కోళ్లనే గడ్డినేలల అడవిపిట్టల పుంజులు అక్కడ చేరేవి. మెడకు ఇరుపక్కలా నారింజరంగు తిత్తులు ఉబ్బించి, కాళ్లు టపటపలాడిస్తూ పెట్టల కోసం ఆడేవి. ఖాళీ సీసా మూతిలో ఊదినట్టుండే వాటి కూత మా ఇంటిదాకా వినబడేది.

వాటిని చాటుగా చూడడానికి వెర్లిన్ కూతురు జనెల్ పాత తలుపులతో, రేకులతో అక్కడొక మాటు కట్టింది. తండ్రీకూతుళ్లు అందులో ఒదిగి కూర్చునేవారు.

"ఆ కుంటిపుంజును చూడు నాన్నా! పెళ్లిళ్లలో పోల్కా డాన్సు ఆడేటప్పుడు అచ్చం నువ్వే!" అని ఆమె గుసగుసలాడితే, నవ్వు బయటికి రాకుండా అతను టోపీ నోట్లో కుక్కుకునేవాడు.

చదువు ఇంకా పూర్తికాకముందే, మంచు రోడ్డు మీద ట్రక్కు జారి జనెల్ పోయింది. ఆ వసంతంలో వెర్లిన్ మాటు వెనక ఆమె పేర సీడర్ మొక్కలు నాటాడు. బకెట్లతో నీళ్లు మోసి బతికించాడు.

చెట్లు ఎదిగాయి. పుంజులను తన్నుకుపోవడానికి కొమ్మల మీద డేగలు కాపు కాయసాగాయి. పుంజులు ఏటికేడు తగ్గిపోయాయి.

ఒకరోజు మా వంటింట్లో కాఫీ తాగుతూ వెర్లిన్ భార్య ఆర్డిత్ ఉండబట్టలేక అనేసింది. "ఆ చెట్లు కొట్టెయ్, వెర్లిన్."

"అవి నా పిల్ల చెట్లు."

"నాకు మాత్రం పిల్ల కాదా? దానికి పిట్టలంటే ప్రాణం. ఆ చెట్లు నువ్వు నీ కోసం నాటుకున్నావు."

అతను కప్పు బల్లమీద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఆ శీతాకాలం రంపం చప్పుడు విని వెళ్లాను. వెర్లిన్ ఒక్కడే కోస్తున్నాడు. సాయం పడతానన్నాను.

"వద్దులే. నాటింది నేనేగా."

ఒక్కో చెట్టు పడ్డాక దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడేవాడు.

వసంతంలో ముగ్గురం మాటులో కూర్చున్నాం. ఒక్క పుంజు వచ్చింది. గుట్టంతా తిరుగుతూ ఆడింది, కూసింది. పెట్ట రాలేదు. ఎండెక్కాక ఎగిరిపోయింది.

"వచ్చే ఏడు వస్తాయిలే," అన్నాను.

"ఆలస్యం చేశాను," అన్నాడు వెర్లిన్.

ఆర్డిత్ అతని చేతిని తన ఒళ్లోకి లాక్కుంది.

మరుసటి ఏడు అదీ రాలేదు. నరికిన చెట్ల మొదళ్ల చుట్టూ గడ్డి పెరిగింది. ఏప్రిల్ వస్తే ఆ ఇద్దరూ ఇంకా అక్కడికే పోయి, చలిలో చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. కంచె దగ్గర వాళ్ల ట్రక్కు కనబడితే నా చప్పుడు వాళ్లకు వినబడకుండా నేను చుట్టూ తిరిగి వేరే దారిన పోతాను.