పావురం నాటిన చెట్టు

వైలేలాలో ఇల్లు తేలిక, చెట్టు బరువు. తాటిలాంటి సాగో చెట్టు ఆకు కప్పు, సాగో మట్టల గోడలు, మూలకో గుంజ. వాడలోని మగవాళ్ళంతా వచ్చి భుజం పట్టి, ఒకడు ముందు నడుస్తూ పాట అందుకుంటే చాలు, ఇల్లు లేచి నడుస్తుంది. వా రూజా ఇల్లు అలా రెండుసార్లు నడిచింది. మొదటిసారి సముద్రం గుమ్మంలోకి వచ్చి కూర్చున్నప్పుడు. రెండోసారి, స్థలం గలవాళ్ళు అక్కడ కొబ్బరి మొక్కలు వేసుకుంటామన్నప్పుడు. ఆ రెండోసారి పొయ్యి కూడా ఆర్పలేదని, ఇల్లు కొత్త చోటికి చేరేసరికి కర్రపెండలం ఉడికిపోయిందని ఆమె మరిది లా హమీదు చెబుతాడు. లా హమీదు చెప్పేవాటిలో సగం తీసేసి వినాలి. ఆ మిగిలిన సగమైనా నవ్వు తెప్పించకుండా పోదు.

వాడంతా బుటన్ దీవి నుంచి వచ్చి చేరిన, ఆడవాళ్ళ పేర్ల ముందు వా, మగవాళ్ళ పేర్ల ముందు లా పెట్టుకునే పడవవాళ్ళది. నేల మాత్రం కొండ అవతలి ఊరివాళ్ళది, వాళ్ళలోనూ ఎలిఫాస్ వంశానిది. వా రూజా పెళ్ళికూతురిగా తెరచాప పడవలోంచి దిగినరోజే ఆమెకు సంగతి చెప్పారు. కర్రపెండలం వేసుకోవచ్చు, మొక్కజొన్న వేసుకోవచ్చు, అరటి పెట్టుకోవచ్చు. కొబ్బరి, జాజికాయ, లవంగం వద్దు. ఏడాదిలో పోయే పంట ఎవరిదైనా ఒకటే. తాతలు నాటితే మనవలు కోసుకునేది మాత్రం నేలలోకి వేరు దింపుతుంది, దాంతోపాటు నాటినవాడి కాలూ దిగబడుతుంది. ఈ మాటను ఎవరూ అవమానంగా అనలేదు, ఆమె అలా తీసుకోనూ లేదు. ఇంట్లో చెప్పులు విప్పమన్నట్టే విన్నది.

ఎలిఫాస్ వంశం ఇలా చెట్టంటే జంకడం నిన్నమొన్నటి పిసినారితనం కాదు. ఒకప్పుడు తెల్ల వర్తకులు వందలమంది తెడ్లు వేసే పొడవాటి పడవల్లో దీవి దీవికీ తిరిగి, తమ కొట్లకు దక్కని లవంగం ఎక్కడా ఉండకూడదని చెట్లన్నీ నరికించారు. అడ్డం వచ్చినవాళ్ళనూ నరికించారు. ఆ కథ చెప్పే పుస్తకాల్లో సేనాపతుల పేర్లుంటాయి. కొండ అవతలి ఊళ్ళో ముసలివాళ్ళ నోట మోళ్ళ పేర్లుంటాయి. ఫలానా మోడు ఫలానా ముత్తవ్వది, ఆ రాయి పక్కది ఆమె చెల్లెలిది, అని వేలు పెట్టి చూపిస్తారు. చూపించినచోట ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ ఉండదు. చెట్టు అంటే హక్కు అని అంత ఖరీదు పెట్టి నేర్చుకున్నవాళ్ళు, వచ్చినవాళ్ళ చేతికి మొక్క ఇవ్వరు. అందులో తప్పు పట్టడానికి వా రూజాకు ఎన్నడూ నోరు రాలేదు.

అలాంటి చోట ఆమె వంటింటి వెనక, చేపలు కడిగిన నీళ్ళు పారబోసే తావులో, ఒక లవంగం మొక్క మొలిచింది. కొండ మీద పండు తిన్న అడవి పావురం ఎగురుతూ వదిలేసిన విత్తు. భర్త లా బిడు చూసి భయపడ్డాడు. ఎవరైనా చూడకముందే పీకేస్తానని వంగాడు కూడా. వా రూజా చేయి పట్టుకుని ఆపింది. దాచితే తప్పు గానీ, చూపిస్తే తప్పేముందని వంశ పెద్ద ఎలిఫాస్‌కే కబురు పెట్టింది.

ఎలిఫాస్ అప్పుడు గట్టిగా ఉన్న మనిషి. కర్ర ఊపుకుంటూ వచ్చాడు. మొక్క చుట్టూ తిరిగాడు, వాడంతా చుట్టూ మూగింది.

"ఎవరు నాటార్రా దీన్ని?" అని అడిగాడు.

"పావురం నాటిందయ్యా," అంది వా రూజా.

ముసలాయన పొట్ట కదిలేలా నవ్వాడు. "పావురం మీద తగువేసుకుంటే ఊరు నవ్విపోతుంది. ఉండనీ. పెంచుకో."

నాటినవాడు లేని చెట్టు పెంచినవాళ్ళది. అదీ ఆ దీవి కట్టుబాటే, ఎలిఫాస్ అన్నమాట పదిమంది విన్నారు. అప్పట్నించి చేప కడిగిన నీళ్ళన్నీ దానికే. లా బిడు ఒక పడమటి గాలికి పడవతో సహా తిరిగిరాకుండా పోయినప్పుడు, ఏడవడానికి సమాధి కూడా లేని ఆమె, ఆ మొక్క దగ్గరే కూర్చునేది. అది వంటింటి కప్పు దాటింది, ఆ తర్వాత ఇంటి కొప్పు దాటింది. ఆకు నలిపితే వాసన. పువ్వు మాత్రం లేదు. లా హమీదు వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి అడిగేవాడు. "వదినా, నీ కొడుక్కి మీసాలొచ్చాయా?"

మీసాలు వచ్చిన ఏడే ఉపద్రవమూ వచ్చింది. ఎలిఫాస్ మంచం పట్టాడు. నిన్న అన్నం తిన్నాడో లేదో గుర్తుండదు, చిన్నప్పటి మోళ్ళు గుర్తుంటాయి. పట్నంలో ఉండి వచ్చిన కొడుకు మార్తెన్ వంశం పనులు చేతిలోకి తీసుకున్నాడు. ఒక ముత్యాల వ్యాపారికి వైలేలా ఒడ్డు నచ్చింది. మార్తెన్ వాడకొచ్చి, అందరి ఇళ్ళలోనూ కాఫీ తాగి, మెత్తగానే చెప్పాడు. కాలం మారి గాలి మళ్ళేలోగా ఇళ్ళు కొండ వాలు మీదికి జరపాలి. మోయడానికి తన ఊరివాళ్ళనూ పంపిస్తాడు.

కొండ వాలు మీద గాలి బావుంటుంది. కానీ పడవ ఎక్కడ పెడతారు? చేప ఎండేదెక్కడ? నీటి బుగ్గ ఉన్నది ఒడ్డునే. అయినా వద్దనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు, ఒక్క వా రూజా దగ్గర తప్ప. కాపుకొచ్చిన సొంత చెట్టున్న గడపను ఆ గడపవాళ్ళు ఒప్పుకోకుండా కదపకూడదని దీవి కట్టుబాటు. ఆమె ఇల్లు వాడకు నట్టనడుమ. అది కదలకపోతే వ్యాపారి ఇంకో ఒడ్డు వెతుక్కుంటాడు. ఆ ముక్క మొదట తట్టింది లా హమీదుకే. "ఇన్నాళ్ళూ మనకు లంగరు లేదనుకున్నాం, వదిన వంటింటి వెనకుంది," అని ఇంటింటికీ చెప్పాడు. అప్పటినుంచి ఆడవాళ్ళు చేప కడిగిన నీళ్ళు ఎవరి వాకిట్లో వాళ్ళు పోయడం మానేసి, కుండలతో తెచ్చి ఆ చెట్టుకు పోయడం మొదలుపెట్టారు. ఎక్కువ పోసి చంపేయకండర్రా అని ఆమె మొత్తుకోవలసివచ్చింది.

మొగ్గలు ఎర్రబడ్డాయి. వా రూజా నిచ్చెన వేసుకుని కింది కొమ్మలవి తనే కోసింది, చాప మీద ఆరబెట్టింది. గోధుమ రంగు తిరిగాక, అందులో మంచివి ఏరి, పింగాణీ పళ్ళెంలో పోసి, పైన గుడ్డ కప్పి, కొండ దాటి ఎలిఫాస్ ఇంటికి పట్టుకెళ్ళింది.

ఎందుకు పట్టుకెళ్ళావని ఆ తర్వాత వాడంతా అడిగింది. అది ఆలోచించి చేసిన పని కాదు. కాపురానికి వచ్చిన ఏడు మొదలు, ఏ పంట తొలికాపైనా ఆ ఇంటికి వెళ్ళాకే ఆమె పొయ్యి మీదికెక్కేది. కర్రపెండలం తొలి గంప, మొక్కజొన్న తొలి కట్ట, అరటి తొలి అత్తం. పరాయి నేల మీద పండించుకు తినేవాళ్ళు నేల గలవాళ్ళకు పెట్టే వాటా అది. ఆమె కాళ్ళకు ఆ దారి అలవాటు. చేతిలో తొలికాపు ఉంటే అవే నడిచాయి.

మార్తెన్ అరుగు మీదే ఉన్నాడు. గుడ్డ తీసి చూశాడు. పళ్ళెం వైపు, ఆమె వైపు మార్చి చూశాడు. తర్వాత లేచి నిలబడి, రెండు చేతులా పళ్ళెం అందుకుని, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి, రూజా పిన్నీ," అన్నాడు. భార్య లోదియాను పిలిచి కాఫీ పెట్టించాడు. ఖాళీ పళ్ళెం తిరిగివ్వడం ఆ ఇంట లేదు కనక పళ్ళెం అక్కడే ఉండిపోయింది.

దిగివస్తుంటే లా హమీదు దారిలో గాలం దారాలు చిక్కు తీసుకుంటున్నాడు. ఆమె పక్కనుంచి వెళ్తుంటే ముక్కు ఎగబీల్చాడు.

"కొండ మీద నుంచి లవంగం వాసనతో వస్తున్నావేంటి వదినా?"

"ముసలయ్యకు తొలికాపు ఇచ్చొస్తున్నా."

అతను దారాలు కింద పెట్టాడు. "వాటా ఇచ్చొచ్చావా?"

ఆ మాట అతని నోట విన్నాకే ఆమెకు తెలిసింది. సొంత చెట్టుకు వాటా ఉండదు. వాటా పెట్టినవాళ్ళు, ఇది మీదేనని చెప్పినట్టు. పదిమంది ముందు ఎలిఫాస్ ఆమెకు వదిలిన చెట్టును, ఆమే నడిచివెళ్ళి పళ్ళెంలో పెట్టి అప్పగించింది.

లా హమీదు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. దారాలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఎక్కడ చిక్కుపడిందో చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం వాళ్ళ చర్చి అయ్యాక ఎలిఫాస్ అరుగు మీద పంచాయితీ పెట్టారు. రెండు ఊళ్ళవాళ్ళూ వచ్చారు. ముసలాయన్ని దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. ఆ చెట్టు సంగతి గుర్తుందా అని లా హమీదు అడిగాడు. వాడంతా ప్రాణాలు ఆయన పండిపోయిన కళ్ళ మీద పెట్టుకుని చూసింది. ఆయన మొహం వెలిగింది.

"పావురం నాటింది," అన్నాడు. "పెంచుకోమన్నాను."

వైలేలావాళ్ళు ఊపిరి వదిలారు. మార్తెన్ తలవంచి, తండ్రి మాట తనకు శిరోధార్యమేనన్నాడు. తర్వాత లోదియా చేత పళ్ళెం తెప్పించి ఆయన ఒళ్ళో పెట్టాడు. గొంతు పెంచకుండానే అడిగాడు. "మరి పిన్ని మనకు వాటా ఎందుకు తెచ్చినట్టు, నాన్నా?"

ఎలిఫాస్ లవంగాలు వేళ్ళతో కలిపి చూశాడు. వాసన చూశాడు. నెమ్మదిగా వా రూజా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఎందుకు తెచ్చావమ్మా?"

భయంతో తెచ్చానని గానీ, మరిచిపోయి తెచ్చానని గానీ అనమని వాడవాళ్ళు ముందే బతిమాలారు. ఆ అబద్ధం ఆమె నోటి దాకా వచ్చింది. ముసలాయన మొహం చూస్తూ అనలేకపోయింది.

"మీకు పెట్టకుండా నేనెప్పుడు ఏం తిన్నానయ్యా," అంది.

అంతే. చెట్టు వంశానిదని తేలిపోయింది, ఆ తర్వాత ఎవరేం మాట్లాడినా ఊరికే మాట్లాడినట్టే. ఎలిఫాస్ కళ్ళు మూసుకుని, పళ్ళెం ఒళ్ళోనే ఉంచుకుని నిద్రపోయాడు. నిద్రపోయాడో, అలా కనబడ్డాడో.

ఇళ్ళు మోసిన రోజున ఎండ బాగా కాసింది. మార్తెన్ మాట తప్పలేదు, తన ఊరివాళ్ళను పంపాడు, తనూ భుజం పట్టాడు. వా రూజా ఇల్లు మూడోసారి లేచింది. పాట అందుకోవలసినవాడు లా హమీదే. మొదటి చరణం పాడి ఆపేశాడు. ఇల్లు పాట లేకుండానే కొండెక్కింది. ఆమె వెనక నడుస్తూ ఒకసారి తిరిగి చూసింది. ఇన్నాళ్ళూ అది ఇంటి వెనకాల చెట్టు. ఇప్పుడు దేని వెనకాలా లేదు. దాని మొదలుకు కొబ్బరాకు అల్లి కట్టారు, వంశంవాళ్ళు తప్ప ఎవరూ ముట్టకూడదని గుర్తు.

కోత అయ్యాక లోదియా ఆయాసపడుతూ కొండ వాలెక్కి వచ్చింది. చేతిలో ఆ పింగాణీ పళ్ళెం, మీద అదే గుడ్డ.

"ఎన్నాళ్ళని ఉంచుకుంటాం పిన్నీ, మీ పళ్ళెం. మా ఆయనే నింపి పంపారు. ముందు రూజా పిన్నికి పెట్టాకే మనం తిందామన్నారు."

మనసులో ఏమీ పెట్టుకోకుండా, ప్రేమగానే అంది. వా రూజా ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. పిల్లలెలా ఉన్నారని అడిగింది. గుడ్డ తీయకుండానే వాసన తెలిసింది. తీసుకోకపోతే ఆ ఇంటిని కాదన్నట్టు. తీసుకుంటే చెట్టు వాళ్ళదేనని మరోసారి ఒప్పుకున్నట్టు, అది ఇప్పుడామెకు బాగా తెలుసు.

లోదియా లేచి, నవ్వుతూ పళ్ళెం ముందుకు చాచింది. వా రూజా తడిచేతులు కట్టుకున్న బట్టకు తుడుచుకుని, లేచి నిలబడి, రెండు చేతులా అందుకుంది.