అంకె అడిగితే అక్షరాలు కొట్టే మేడమ్

కాలేజీలో మాకు కంప్యూటర్ జావా నేర్పిన మేడమ్ నిడదవోలులో పోయారని ఆదివారం పొద్దున పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. ఆ వార్త కింద మా ప్రిన్సిపల్ గారు దండాల బొమ్మలు వరసగా పెట్టారు. ఏడుపు రాకముందే నాకు ఒళ్లు మండింది.

మేము డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా ఆవిడ పాసింజర్ రైల్లో రాజమండ్రి వచ్చి మాకు పాఠం చెప్పేవారు. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ పనిచేస్తోందని సంబరంగా పిలిస్తే, కుర్చీ లాక్కుని కూర్చుని, వయసు అడిగిన చోట ఇరవై అని అక్షరాల్లో కొట్టేవారు. ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోయేది.

"అంకె వెయ్యాలి కదండీ మేడమ్!" అని ఉడుక్కున్నాను.

"ఆ సంగతి నీ ప్రోగ్రామ్ నాకు చెప్పిందేంటమ్మా? మా అత్తగారొచ్చి కూర్చున్నా ఇలాగే కొడతారు. ఆవిడ తప్పా?"

తప్పు వస్తే మళ్లీ అడిగేలా లూప్ పెట్టాను. ఆవిడ మళ్లీ అక్షరాలే కొట్టారు. "అంకె ఇవ్వండి" అన్న ముక్క ఆగకుండా తెరంతా పరుగెత్తింది. మేడమ్ పగలబడి నవ్వారు.

"నువ్వు తీసెయ్యలేదు కాబట్టి నేను కొట్టిన తప్పు మాట ఇంకా లోపలే ఉందమ్మా. మళ్లీ దాన్నే చదువుతోంది. ముందు దాన్ని తీసి పారేయ్. తర్వాత మర్యాదగా అడుగు."

ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నాకు అన్నం పెడుతున్నది ఆ బుద్ధే.

ఆ ఏడాదే తనిఖీకి పెద్దలొచ్చారు. యాజమాన్యం వారి బంధువు రాసిన మార్కుల ప్రోగ్రామ్‌ని వాళ్లకి చూపించారు. ఒక పెద్దాయన, పరీక్షకు రాని పిల్లకి మార్కుల గడిలో ఆబ్సెంట్ అనడానికి ఏబీ అని కొట్టారు. అంతే, ప్రోగ్రామ్ ఆగిపోయి తెర నిండా ఎర్ర అక్షరాలు. ప్రిన్సిపల్ గారు "అలా కొట్టకూడదండి" అని ఆయనకే చెప్పబోయారు.

"సార్ తప్పేం లేదండి. మన ప్రోగ్రామే సరిగ్గా లేదు," అన్నారు మేడమ్, అందరి ముందూ.

ఆ ఒక్క మాటకి ఆవిడని ల్యాబ్ నుంచి తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఏటా జూన్‌లో వెళ్లి "నా ల్యాబ్ నాకిచ్చేయండి సార్" అని అడిగేవారట. "చూద్దామండి" అనేవారట ప్రిన్సిపల్ గారు. చూస్తూనే ఉన్నారు, ఆవిడ వెళ్లిపోయారు.

నిన్న సంతాప సభ ఆ ల్యాబ్‌లోనే పెట్టారు. "ఈ ల్యాబంటే మేడమ్ గారికి ప్రాణమండి," అన్నారు ప్రిన్సిపల్ గారు మైకులో. తెలిసే లాక్కున్నారన్నమాట! దండ వేసిన ఫోటో పక్కనున్న కంప్యూటర్ మీద ఒక స్టిక్కర్ అంటించి ఉంది: "అంకెలు మాత్రమే టైప్ చేయవలెను. అతిక్రమించిన వారిపై చర్య తీసుకొనబడును." ఇన్నేళ్లయినా ప్రోగ్రామ్ బాగుచేయలేదు, మనుషుల్ని బెదిరించడం మాత్రం నేర్చుకున్నారు.

అందరూ లేచి మౌనం పాటిస్తున్నారు. నేను ముందుకెళ్లి ఆ స్టిక్కర్‌ని గోటితో గీకడం మొదలుపెట్టాను. సగమే ఊడింది. ఆ చప్పుడుకి ప్రిన్సిపల్ గారు కళ్లు తెరిచి నా వైపు చూశారు. నేను గీకుతూనే ఉన్నాను.