తలుపు వెనక పసుపు బొట్లు

మా పెద్దత్త పోయిందని ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను చోడిపిండి, అదే రాగిపిండి, జల్లించుకుంటున్నాను. ఆ పిండి ఆమె పంపిందే. ఏడు నెలలుగా ఆమెతో మాట్లాడలేదు, ఆమె పంపిన పిండి మాత్రం తింటూనే ఉన్నాను. కబురు విన్నాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. మనసు విరిచిన మనిషి, అది అతికేదాకా అయినా ఆగకుండా పోయింది.

పెద్దత్త మా మామగారి అన్నగారి భార్య. నెల్లిమర్ల దగ్గర మా ఊళ్ళో వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. పసితనంలోనే తల్లి పోయిన మా ఆయన్ని పెంచింది ఆమే. నేను కాపురానికి వచ్చాక నాకూ ఆమే అత్తగారైంది.

పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లల్లేరు. నెలసరి ఒక్కోసారి మూడు నెలలకు గాని వచ్చేది కాదు. గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తుంటే పైట చెంగుతో దాచుకుని తిరిగేదాన్ని. విజయనగరంలో డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది పెద్దత్తే. స్కానింగ్ చూసి ఆవిడ పీసీఓఎస్ అంది. అండం సమయానికి విడుదల కావడం లేదని, అది నా తప్పు కాదని, మందులతో పాటు నడక, తిండి మార్చుకుంటే నెలలు దారిన పడొచ్చని, ఈ జబ్బున్న చాలామందికి పిల్లలు పుడుతున్నారని ఓపిగ్గా చెప్పింది. ఏ తిండీ దీన్ని మాయం చేయదని కూడా చెప్పింది. మా ఆయనకీ పరీక్షలు చేయించింది, అందులో ఏ లోపమూ లేదు. ప్రతి నెలా తేదీ రాసుకోమంది.

"రాత నాకు రాదు గానీ, బొట్టెడతాను," అంది పెద్దత్త.

అన్నట్టే తన వంటింటి తలుపు వెనక గోడ మీద, నాకు నెలసరి వచ్చినప్పుడల్లా తడిపిన పసుపుతో ఒక బొట్టు పెట్టేది. రాని నెలకి చోటు వదిలేసేది. తలుపు తీసి ఉంటే ఎవరికీ కనిపించదు. "ఈ గోడ నీదే," అనేది నాతో.

తెల్లారకుండానే గోడ అవతల నుంచి కేక వేసేది. "ఒలే, లెగిసినావేటి? దుప్పటి కింద కొవ్వు కరగదే!" ఇద్దరం రోడ్డు మీద నడిచేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులతో ఆమె నాకన్నా వెనకబడేది గాని ఒక్కరోజూ మానలేదు. డాక్టరమ్మ నన్ను రాత్రిపూట అన్నం తగ్గించమన్నప్పటి నుంచి, అన్నమంటే ప్రాణమిచ్చే ఆ మనిషి కూడా రాత్రిళ్ళు మానేసింది. చోడి రొట్టె, ఉలవచారు, గుప్పెడు ఆకుకూర పెట్టుకుని నా ఎదురుగా కూర్చునేది.

"ఒక్కర్తివే తింటే మందునాగుంటాది. ఇద్దరం తింటే కూడవుతాది," అనేది.

ఏడాది తిరిగేసరికి ఆరు కిలోలు తగ్గాను. గోడ మీద ఖాళీలు తగ్గి బొట్లు దగ్గరగా రావడం మొదలైంది. ఆ రోజుల్లో నాకు ఆమె తర్వాతే ఎవరైనా. మా అమ్మకి చెప్పుకోలేనివి కూడా ఆమెకే చెప్పుకున్నాను.

పెద్దత్తకి పిల్లల్లేరు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి పెదమావ మరో పిల్లని తెచ్చుకున్నాడు. ఆ చిన్నత్తని వెతికి తెచ్చింది పెద్దత్తే. "నా సవితి పెళ్ళికి పసుపు నేనే దంచినాను," అని నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వేదాన్ని. అదీ నా తెలివి!

మంగళవారం మంగళవారం ఆమె కొత్తవలస వెళ్ళేది, మోకాళ్ళకి నాటుమందు అని. ఏడు నెలల కిందట ఒక మధ్యాహ్నం కొత్తవలస నుంచి ఎవరో ఆవిడ నాకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఏటీ అనుకోకు. మా పిల్లని మీ ఆయనకి సేసుకోడానికి నువ్వు ఒప్పుకున్నావని మీ పెద్దత్త సెప్తంది. ఆడదాన్ని కదా, నీ నోట ఒకపాలి ఇందామని."

నేను ఒప్పుకోలేదని చెప్పి, గోడ దూకినంత పని చేసి వెళ్ళాను. పెద్దత్త ఉలవలు ఏరుతోంది.

"నా నోటి మాట నువ్వెలా ఇచ్చావు అత్తా?"

ఆమె చేట పక్కన పెట్టింది. తప్పించుకోలేదు.

"అడిగితే వద్దంటావు, అందుకే అడగనేదు. రేపు మగోడు తనంతట తనే ఎవుర్తినో తెస్తే నీకు పొయ్యి కాడ కూడా సోటుండదు. నేను సూసి తెచ్చిన పిల్లయితే నీ మాట ఇంటాది. నేను బతకనేదేటి?"

"మరి నాతో ఎందుకు నడిచావు? ఎందుకు అన్నం మానేశావు?"

ఆమె మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. మా ఆయన విషయం విని కంచం ముందు నుంచి లేచిపోయాడు. తనకేమీ తెలియదన్నాడు, నమ్మాను. కానీ పెంచిన తల్లిని ఒక్క మాటా అనలేకపోయాడు. అదీ గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి ఒక్కదాన్నే నడిచాను. పెద్దత్త మధ్య గోడ మీద పిండి డబ్బా పెట్టి వెళ్ళేది. ఖాళీ డబ్బా అక్కడే పెట్టేదాన్ని. అంతే మా మాటలు.

పెద్దత్త పదో రోజు కర్మకి ముందు ఆ ఇంటికి సున్నం వేయాలి. చిన్నత్త, నేను వంటిల్లు మొదలుపెట్టాం. తలుపు మూసి చూశాను. మేం మాట్లాడుకోని ఏడు నెలలకీ ఆరు బొట్లున్నాయి. ఒక నెల ఖాళీ. నిజమే, ఆ నెల నాకు రాలేదు.

"ఆమెకి ఎవరు చెప్పారు?"

"దండెం మీద నీ ముట్టుబట్టలు సూసి ఎట్టీది అక్క," అంది చిన్నత్త. "ఆఖరిది ఆస్పత్రికెళ్ళే ముందు రోజు. లెగలేక నన్ను పట్టుకుని లెగిసింది."

ఎందుకు లెక్కపెట్టింది? నేను బాగుపడుతున్నానని సంతోషించడానికా, ఇంకా కడుపు రాలేదని ఆ కొత్తవలస ఇంటికి చెప్పడానికా? రెండూ అయి ఉంటాయని నాకు తెలుసు. అందుకే ఆమెని పూర్తిగా తిట్టలేను, పూర్తిగా ఏడవలేను. డాక్టరమ్మ ఈ నెల నుంచి కొత్త మాత్రలు మొదలుపెడతానంది. ఆ మాట చెప్పాలని నాకు ముందు గుర్తొచ్చిన మనిషి ఆమే.

"ఆ గోడ ఒగ్గేయమంటావేటి?" అంది చిన్నత్త.

వదిలేయొద్దని కుంచె నేనే తీసుకున్నాను. మొదటి బొట్టు నుంచి చివరిదాకా ఒక్క ఊపున సున్నం పూశాను. పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో నాకు తెలియదా? ఆ క్షణాన గుర్తు రాలేదు. నేను చూస్తుండగానే తెల్లటి గోడ మీద బొట్లన్నీ ఒక్కొక్కటే ఎర్రగా పైకి తేలాయి.