నైస్ పెద్దమ్మ పిండిమర

మా పెద్దమ్మ గురించి ఎవరినడిగినా "ఆవిడ చాలా నైస్ అండీ" అంటారు. అలా అన్నవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర ఏదో ఒకటి పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వనివాళ్ళే. గొడుగు, నిచ్చెన, కుట్టుమిషను. ఒకాయన పెదనాన్న కళ్ళజోడు పట్టుకెళ్ళి, పవర్ సరిపోలేదని నిష్ఠూరమాడాడు కూడా.

పెద్దమ్మ పిండిమర నడుపుతుంది. రెండు వీధులు కలిసే మూల మీద పొడుగాటి గది. గది మధ్యలో మర, వెనక మోటారు, గుమ్మం దగ్గర నుంచి గోడ పొడుగునా వరసగా జనం తెచ్చిపెట్టిన డబ్బాలు. పైన ఇల్లు. కింద మర ఆడుతున్నంతసేపూ పైన అల్మరాలో గ్లాసులు పళ్ళు కొరుక్కుంటున్నట్టు చప్పుడు చేస్తాయి. పెదనాన్న ఆ ఇంట్లోనే పుట్టాడు. పుట్టి ఏం లాభం, పిండి వాసన తగిలితే చాలు ఆగకుండా తుమ్ముతాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం సంపాదించి ఒడ్డున పడ్డాడు. దాంతో పెళ్ళయిన రెండో నెలకే పెద్దమ్మ మర ముందు నిలబడింది. పందొమ్మిదేళ్ళయింది. ఇంకా కూర్చోలేదు.

ఆ గదిలో నైస్ అనే మాటకి మెచ్చుకోలుతో సంబంధం లేదు. పిండి వేళ్ళ మధ్య జారిపోయేంత మెత్తగా కావాలంటే నైస్. పలుకులు తగలాలంటే బరక. మర పక్కనున్న చక్రం బిగిస్తే పైరాయీ కిందిరాయీ దగ్గరకొచ్చి నైస్ పడుతుంది, వదులు చేస్తే బరక పడుతుంది. ఇక గది బయటికొస్తే అదే మాటకి ఇంకో వేషం. పనులు చేయించుకోవడానికి తియ్యగా మాట్లాడి బుట్టలో వేసుకోవడాన్ని నైస్ చేయడం అంటాం కదా, పెద్దమ్మని ఆ వీధిలో నైస్ చేయనివాళ్ళు లేరు. వరసలో ఎనిమిదో డబ్బాని మూడోది చేయాలంటే "అమ్మా, మీ చెయ్యి పడితే ఆ పిండి రుచే వేరు" అంటే చాలు.

ఎమ్మేలో ఒక పాఠం కోసం నేను ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చదివాను. సెలవులకి వెళ్ళినప్పుడు, మోటారు చల్లారడానికి మర ఆపిన కాసేపట్లో, పెద్దమ్మకి చెప్పాను.

"పెద్దమ్మా, నైస్ అంటే మొదట్లో తెలివితక్కువ మనిషని అర్థం, తెలుసా?"

"ఎవడన్నాడే?"

"లాటిన్ వాళ్ళు. వాళ్ళ దగ్గర అది 'ఏమీ తెలియని' అనే మాట. ఫ్రెంచి వాళ్ళింటికి వచ్చేసరికి వెర్రిబాగుల మనిషయింది. ఇంగ్లీషు వాళ్ళు తెచ్చుకున్నాక కొన్నాళ్ళు విచ్చలవిడి మనిషి, కొన్నాళ్ళు సిగ్గరి. ఆ తర్వాత అన్నిటికీ వంకలు పెట్టే చాదస్తపు మనిషి, ఆ తర్వాత వెంట్రుకవాసి తేడా కూడా పసిగట్టే సూక్ష్మం. మంచిది, బాగుంది అనే అర్థాలు చివర్లో వచ్చి చేరాయి. రెండొందల యాభై ఏళ్ళయిందేమో."

పెద్దమ్మ జల్లెడ దులపడం ఆపింది. "అయితే ఇన్నేళ్ళూ వీధంతా కలిసి నన్ను తిడుతోందన్నమాట."

"అబ్బే, ఆ పాత అర్థం ఇప్పుడు లేదు పెద్దమ్మా. పోయింది."

"పోవడమేమిటే! నేనిక్కడ నిలబడి ఉంటేనూ!"

వంకలు పెట్టే అర్థం కూడా ఎక్కడికీ పోలేదు, ఆ ఇంటి మేడ మీదే ఉంది. పెద్దమ్మ మామగారిని అందరూ పెద్దాయన అంటారు. ఎనభై దాటాయి. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వెలుతురులో పెట్టి, ముక్కు దగ్గర పెట్టి, చివరికి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" కోసం ఆయన పెద్దకొడుకు చిన్నప్పుడంతా తుమ్ముకుంటూ నిలబడేవాడట. మర లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది. ఈసారి రెన్యువల్‌కి కొత్త ఫారం వచ్చింది. మర స్వయంగా నడిపే మనిషి పేరే రాయాలట. దానికి ఒకే ఒక గీత.

ఆ గీత మీద తన పేరుండాలని పెద్దమ్మకి ఎంత కోరికో నాకొక్కదానికే తెలుసు. ఆ రోజు జల్లెడ గోడకి తగిలిస్తూ, నా వైపు చూడకుండా అంది. "ఎవరి పేరుంటే వాళ్ళ మాటే చెల్లుతుందే. నా పేరు లేకపోతే, పందొమ్మిదేళ్ళు చేసిన చోట రేపెవరైనా నన్ను పక్కకి జరగమంటే జరగాలి."

జరగమనడానికి మనిషి సిద్ధంగానే ఉన్నాడు. పెద్దమ్మ మరిది. వీధిలో ఆయన పేరు ఇస్త్రీ. నిద్రలేచినప్పుడు కూడా చొక్కాకి మడత ఉండదు. రెడీమేడ్ బట్టల కొట్టు పెట్టాడు, మూశాడు, ఇప్పుడు రాతి మర తీసేసి ఆ స్థానంలో తళతళలాడే స్టీలు మర పెట్టిద్దామంటున్నాడు. చెడ్డవాడు కాదు. ఎక్కడ ఏ వస్తువు వంకరగా ఉన్నా సర్దితే గానీ కదలడు, అంతే.

ఆదివారం భోజనాల దగ్గర ఆయన మొదలుపెట్టాడు. "వదినా, ఆ చేతులు చూడు ఎలా అయిపోయాయో. అన్నయ్యకి కనపడట్లేదు గానీ నాకు బాధేస్తోంది. ఒక్క వారం నువ్వు కిందకి దిగొద్దు. నేను చూసుకుంటా."

"చూసుకుంటాడు," అన్నారు పెద్దాయన, చెమ్చాని గిన్నెకి సమాంతరంగా పెడుతూ. "రేపట్నుంచి శనివారం దాకా చిన్నాడొక్కడే నడుపుతాడు. వీధిలోంచి ఒక్క ఫిర్యాదు రాకపోతే ఫారంలో వాడి పేరు."

"వస్తే నాన్నా?" అన్నాడు పెదనాన్న. ఆయన ధైర్యం చేయగా నేను చూసింది అప్పుడే.

"వస్తే అప్పుడు చూద్దాం. ఏమ్మా?"

"సరే మామయ్యగారూ," అంది పెద్దమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి మంచినీళ్ళ చెంబుతో ఎదురైతే "లాటిన్ వాళ్ళు కరెక్టే చెప్పారు పెద్దమ్మా" అనేశాను. ఆవిడ నవ్వి, దుప్పటి ఇచ్చి పొమ్మంది.

సోమవారం పొద్దున్నే ఇద్దరం మెట్ల పక్క కిటికీలోంచి కిందికి చూస్తున్నాం. ఇస్త్రీ షట్టర్ ఎత్తాడు, నేల ఊడ్చాడు. డబ్బాలన్నీ దారం పట్టి గీసినట్టు వరసలో పెట్టాడు. అంతా అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మొహం చిట్లించాడు. కొన్ని డబ్బాల మీద మూతలు తిరగేసి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి, తుడిచి, తిన్నగా పెట్టాడు.

పెద్దమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏమైంది?"

"మూతలే," అంది గుసగుసగా. "మూత తిన్నగా ఉంటే నైస్. తిరగేసి ఉంటే బరక. మర చప్పుడులో నా గొంతు వాళ్ళకి, వాళ్ళ గొంతు నాకు చేరేది కాదు. ఎవరు మొదలెట్టారో గానీ అదే అలవాటైపోయింది. ఇప్పుడెవరూ నోటితో చెప్పరు. డబ్బా పెడతారు, పోతారు."

"మరి చిన్నాన్నకి తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? ఆయనెప్పుడైనా గుమ్మం దాటి లోపలికొచ్చాడా, చొక్కా మాసిపోదూ?"

నాకు భయమేసింది. "చెప్పాలిగా పెద్దమ్మా."

ఆవిడ కిటికీ రెక్క పట్టుకుని చాలాసేపు నిలబడింది. రెండుసార్లు మెట్ల వైపు అడుగేసి ఆగింది. కింద మోటారు మొదలైంది, అల్మరాలో గ్లాసులు అందుకున్నాయి. పెద్దమ్మ కిటికీ మూసేసింది.

"నన్నెవరూ అడగలేదే," అని లోపలికెళ్ళి, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి పొద్దున తొమ్మిదింటికి పడుకుంది. నిద్రపోలేదు. వారమంతా నిద్రపోలేదు. కోళ్ళు పెంచే కోళ్ళామె మొక్కజొన్నలు గుర్తొస్తున్నాయని ఒకసారి, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మగారి అమ్మకి పళ్ళు లేవు, జావ తప్ప దిగదని ఇంకోసారి లేచి కూర్చునేది. "వెళ్ళి చెప్పనా?" అనేది. మళ్ళీ తనే "ఊహూఁ" అనేది.

శనివారం పదకొండింటికి వీధి వచ్చేసింది. పెద్దాయన కర్ర పట్టుకుని మెట్లు దిగారు, ఆయన వెనక మేం. అందరికన్నా ముందు కోళ్ళామె.

పెద్దాయన ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి, పిండి రాసి చూసి, కళ్ళు పెద్దవి చేశారు. "దీనికేమైందమ్మా? వెన్నలా ఉంటేనూ!"

"నా కోళ్ళు వెన్న తినవు పెద్దాయనా! నూక పట్టమంటే పౌడరు పట్టాడు. ముక్కులు పెట్టి కెలికి, మొహాన పౌడరు కొట్టుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు తిరుగుతున్నాయి. కడుపులోకి మాత్రం గింజ పోలేదు."

"మా అమ్మకి జావ కాద్దామని రవ్వకి గోధుమలిచ్చాను," అంది నర్సమ్మ. "కాస్తే అందులో గరిటె నిలబడింది. తీస్తే గిన్నె కూడా వచ్చింది."

"ఆ గరిటెతో సహా నాకిచ్చెయ్యండి సిస్టర్," అన్నాడు పుస్తకాలు బైండింగ్ చేసే ఆయన. వారమంతా తృప్తిగా ఉన్నది ఆయనొక్కడే. ఆయనకి ఎప్పుడూ నైసే కావాలి, అట్టలకి జిగురు కాచుకోవడానికి.

ఇస్త్రీ మొహం ఎర్రబడిపోయింది. "నాన్నా, వీళ్ళలో ఒక్కరు బరక అని చెప్తే ఒట్టు! డబ్బా పెట్టడం, పోవడం. నేనెలా కనుక్కుంటాను?"

"చెప్పాం కదయ్యా!" అంది కోళ్ళామె. "మూత తిరగేసి పెట్టాంగా!"

"మూతా?"

"మూతే!"

"అది... నేనే సరిచేశాను. చూడ్డానికి అసహ్యంగా ఉంటే."

పెద్దాయన మెల్లగా కోడలి వైపు తిరిగారు. "నా మరలో ఈ మూతల రూలు ఎప్పట్నుంచి?"

"పద్దెనిమిదేళ్ళయింది మామయ్యగారూ."

"నాకు తెలీదే!"

"మీరు పిండి చూస్తారు. డబ్బాలు ఎప్పుడూ చూళ్ళేదు."

"సరే. మరి వీడికి చెప్పొచ్చుగా?"

మర్చిపోయానంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్ళు. నర్సమ్మ అయితే అప్పుడే "పాపం ఆవిడకేం తెలుసు, అంత నైస్ మనిషి" అని మొదలుపెట్టింది కూడా.

"తెలుసండీ," అంది పెద్దమ్మ. "సోమవారం కిటికీలోంచి చూశాను, మూతలు సరిచేస్తుంటే. కావాలనే చెప్పలేదు. మీ అమ్మగారి విషయంలో నాది తప్పే సిస్టర్. కోళ్ళ విషయంలోనూ. మీ డబ్బాలు ఈ పూటే మళ్ళీ పట్టి నేనే ఇంటికి తెచ్చిస్తాను."

"అంటే నా కొడుకుని ముంచావన్నమాట," అన్నారు పెద్దాయన.

"ముంచాను."

"మొహమాటం లేకుండా చెబుతున్నావే!"

"పందొమ్మిదేళ్ళు మొహమాటపడ్డానుగా. ఫారంలో నా పేరు రాయండి మామయ్యగారూ. నడుపుతున్నది నేను, అందులో అడిగిందీ అదే. రాయనంటారా, సోమవారం నుంచి మీ అబ్బాయికి పని మీరే నేర్పుకోండి. నేను దిగను."

పెదనాన్న ఆ మాటకి చప్పట్లు కొట్టబోయి, పిండి గాలికి పెద్దగా తుమ్మాడు. పెద్దాయన అది వినిపించుకోలేదు. వంగి, మర పైరాయి అంచు మీద వేలు పెట్టి, చిన్నకొడుకు వైపు చూశారు. "ఏరా, దీనికి మళ్ళీ కక్కు ఎప్పుడు కొట్టాలి?"

"కక్కు ఏమిటి నాన్నా?" అన్నాడు ఇస్త్రీ.

రాళ్ళు అరిగి నున్నబడితే ఉలితో మళ్ళీ గరుకు చేయాలి. దాన్ని కక్కు కొట్టడం అంటారు. చేయకపోతే పిండి నలగకుండా వేడెక్కి కమురు వాసనొస్తుంది. ఇది నాక్కూడా తెలుసు.

"ఎనిమిది రోజుల్లో," అంది పెద్దమ్మ, అడక్కుండానే. "ఈ వారం అన్నీ నైసే పట్టాడు కాబట్టి ఐదు రోజులకే."

పెద్దాయన వేలికి అంటిన పిండి రాసి, వాసన చూశారు. ఆ వేలు చొక్కాకి తుడుచుకుని, "ఊఁ," అన్నారు. "ఆ ఫారం పట్రా. ముందు పెన్సిలుతో రాయి. అక్షరాలు గీత దిగకూడదు."

శనివారం లైసెన్సు ఆఫీసు ఒంటిగంటకే మూసేస్తారు. పన్నెండున్నరైంది. ఆ ఇంట్లో స్కూటరున్నది ఇస్త్రీకొక్కడికే. పెద్దమ్మ ఫారం పట్టుకుని ఆయన వెనక ఎక్కింది.

అక్కడ జరిగింది తర్వాత పెద్దమ్మే చెప్పింది. కౌంటరు వెనకాయన ఫారం అటూ ఇటూ తిప్పి, "మర నడిపేది మీరేనా?" అన్నాడట. అవునంది. "అయితే మీరే నడుపుతున్నారని ఇంట్లోవాళ్ళెవరైనా సాక్షి సంతకం చేయాలి" అన్నాడట. పెద్దమ్మ వెనక్కి తిరిగి మరిది చేతిలో పెన్ను పెట్టింది.

ఆయన కాసేపు పెన్ను వంక చూసి, చూపించిన చోట సంతకం చేసి, దాని కింద తిన్నగా రెండు గీతలు గీశాడట.