తలా గుప్పెడు

నేను అక్షరాలు నేర్చుకునేటప్పటికి నాకు నలభై ఏడేళ్ళు. అప్పటిదాకా ఏ కాగితానికైనా వేలిముద్రే. రేపల్లెలో ఆఫీసుకి వెళ్తే గుమాస్తా నా బొటనవేలిని తన వస్తువులాగా పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద నొక్కేవాడు. ఏం రాసుందయ్యా అని అడిగితే నీకెందుకమ్మా అనేవాడు. ఆ పట్టు విడిపించుకోవడానికే చర్చి వరండాలో మధ్యాహ్నాలు పాటల పుస్తకం ముందేసుకుని పాస్టరుగారి భార్య దగ్గర చదువుకున్నాను. మొదటి సంతకం పెట్టిన రోజు ఆ గుమాస్తా మొహం చూద్దామని వెతికాను. అతను అప్పటికే రిటైరై పోయాడు.

ఆ చదువుతోనే నా చెల్లెలి పని పోగొట్టాను. అందుకే ఇది రాస్తున్నాను.

చెల్లెలు వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేసేది. భర్త చనిపోయిన ఏడాది చేరి, గింజలు కొట్టే బల్ల మీద సంపాదనతోనే కొడుకుని చదివించింది. గింజ పగిలినప్పుడు కారే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా వేళ్ళ చివర్లు నల్లబడి, గీతలన్నీ పోయి, గులకరాళ్ళలా నున్నగా తయారవుతాయి. కొట్టిన పప్పు తూకాన్ని బట్టే కూలి. అక్కడ ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా జ్వరమొస్తేనో, నెలలు నిండితేనో ఆమె గంప వెలితిగా ఉంటుంది కదా, తూకానికి ముందు ఆ బల్ల దగ్గరున్నవాళ్ళు తలా గుప్పెడు పప్పు అందులో వేసేవాళ్ళు. ఎవరూ అడిగేది లేదు, ఎవరూ గుర్తుపెట్టుకునేది లేదు. పాత షావుకారు చూసీ చూడనట్టు పోయేవాడు. టైఫాయిడ్ వచ్చి లేచిన నెలలో మా చెల్లెలు ఆ గుప్పెళ్ళతోనే నిలబడింది.

తర్వాత షావుకారు ఫ్యాక్టరీని ఒక పెద్ద కంపెనీకి అమ్ముకున్నాడు. వాళ్ళు బల్ల బల్లకీ పైన ఒక కెమెరా బిగించారు. గేటు దగ్గర వేలు పెట్టే మిషను పెట్టారు. ఆడవాళ్ళంతా వరసగా వేలు పెడితే ఒక్కళ్ళకీ పచ్చలైటు వెలగలేదట. "మేం ఎవరమూ లేమంటందక్కా ఆ మిషను" అని చెల్లెలు ఫోన్లో నవ్వింది. వేళ్ళు పనికిరావని తేలాక కంపెనీవాళ్ళు మొహాల మీద పడ్డారు. ప్రతి మనిషి ఫోన్లోనూ ఒక యాప్ వేస్తారు, అది మొహం చూసి గేటు తీస్తుంది, అందుకు ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం కావాలి. మా అక్క చదువుకుంది, ఆమె వచ్చి చదివాకే పెడతామని చెల్లెలు చెప్పిందట. అలా నాకు పిలుపొచ్చింది.

రేపల్లె బండి దిగి తెనాలిలో చెల్లెలి కొడుకు ఇంట్లో ఆ పూట ఆగాను. వాడు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పనిచేస్తాడు. మంచివాడే, మాటలు ఎక్కువ. కాగితం సంగతి అడిగితే పెద్ద పాఠం చెప్పాడు. మనిషి ఒళ్ళు మనిషిదే, వాడి కష్టం వాడిదే, ప్రభుత్వం అందులో వేలు పెట్టడమే అసలు దౌర్జన్యం అన్నాడు.

"గవర్నమెంటు మనం వద్దన్నా వదలదు పెద్దమ్మా. కంపెనీ అట్లా కాదు, నచ్చితే ఉంటాం, నచ్చకపోతే పక్క గేటుకి పోతాం. ఇద్దరు ఒప్పుకున్నాక మూడోవాడికి ఏం పని?"

నాకు ఆ గుమాస్తా చెయ్యి గుర్తొచ్చింది. వాడి మాట నచ్చింది. నచ్చలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

మర్నాడు చెల్లెలి ఇంటి ముందు పట్టా పరిచి, ఆడవాళ్ళని కూర్చోబెట్టి, ఆ కాగితాలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. ఒక్క ఒత్తు కూడా వదల్లేదు. మొహం బొమ్మలను 'అనుబంధ సంస్థలతో పంచుకొనుటకు' సమ్మతి అని ఒకచోట వచ్చింది. "మన మొహాలు పంచుకుంటారంటనా? పప్పు కంటే బాగున్నాయా ఏంటి" అని ఒక ముసలావిడ అంటే అందరం నవ్వాం. ఇంకోచోట, ఒకరు చేసిన పనిని మరొకరి పేరున చూపరాదు, అది మోసముగా పరిగణింపబడును అని ఉంది. అంటే ఏంటమ్మా అని ఒక అమ్మాయి అడిగింది. మా ఊళ్ళో కాలవ పనులప్పుడు రాని మనిషికి దొంగ హాజరు వేయడం చూసినదాన్ని. మోసమంటే నాకు అదే తెలుసు. రానివాళ్ళు వచ్చినట్టు వేయించకూడదని, అంతేనని చెప్పాను. గుప్పెడు పప్పు నాకు తట్టలేదు. వాళ్ళకీ తట్టలేదు. చేసే మంచిపని మోసాల జాబితాలో ఉంటుందని ఎవరికి తడుతుంది?

సంతకం రానివాళ్ళు అందులో తొమ్మిదిమంది. వేలిముద్ర వద్దు గాక వద్దని పట్టుబట్టి, పలక తెప్పించి, సాయంత్రం దాకా వాళ్ళ పేర్లు వాళ్ళకి దిద్దించాను. నా బతుకులో అంత గర్వపడిన రోజు లేదు.

నాలుగు నెలలకి చెల్లెలికి గేటు తెరుచుకోలేదు. ముందురోజు ఒక బాలింత గంపలో తను గుప్పెడు పప్పు వేసిందట. ఆ బాలింతకీ తెరుచుకోలేదు. మిగతావాళ్ళు ఆ రోజు వేయకుండా ఎందుకు ఊరుకున్నారని నేను అడగలేదు. కెమెరాల కింద ఉండి ఉండి వాళ్ళకి అప్పటికే భయం పట్టుకుంది. మా చెల్లెలికి మాత్రం చెయ్యి ఆగలేదు.

బాపట్లలో కంపెనీ ఆఫీసుందంటే ఇద్దరం వెళ్ళాం. అక్కడున్న కుర్రాడు మర్యాదగా కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. కంప్యూటర్లో చెల్లెలి చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి గంప మీద నుంచి పక్క గంప మీదకి పోయి, తెరుచుకుని, వెనక్కి వచ్చింది. దాని చుట్టూ ఎర్రటి గీత గీసి ఉంది.

"అది నేను కొట్టిన పప్పు బాబూ. కంపెనీది తీసి ఇవ్వలా. నా కష్టం నేను ఇచ్చుకున్నా" అంది చెల్లెలు.

"ఇవ్వకూడదని మీరే ఒప్పుకున్నారు కదమ్మా" అంటూ కాగితం ముందు పెట్టాడు. అడుగున చెల్లెలి సంతకం. పక్కనే, చదివి వినిపించినవారు అన్నచోట, నాది.

పక్క గేటు ఉంది కదా అనుకున్నాం. ఒకటి కాదు, నాలుగు గేట్ల దగ్గరికి తిరిగాం. కొన్ని వేరే షావుకార్లవి, కానీ అన్నిచోట్లా అదే యాప్. చెల్లెలు మొహం ఎదురుగా పెట్టగానే ఎర్రగా వెలిగేది. వేళ్ళు పెట్టినప్పుడు దాన్ని గుర్తుపట్టని మిషన్లు మొహాన్ని మాత్రం ఎక్కడా మర్చిపోలేదు. తెనాలి వచ్చి కొడుకుతో చెప్పాం. ఈసారి వాడు పాఠం చెప్పలేదు. అమ్మని తనతోనే ఉండమన్నాడు. నేను ఏ ఆఫీసుకి పోయి ఎవరి మీద అర్జీ పెట్టాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. గుమాస్తాకి ఒక మొహం ఉండేది, తిట్టుకోవడానికి.

పోయిన వారం చూడ్డానికి వెళ్ళాను. మధ్యాహ్నం, అన్నం వేళ. చెల్లెలు కంప్యూటర్ బల్ల పక్కన నేల మీద కూర్చుని, చెయ్యి మాత్రం పైకి చాచి మౌసు కదుపుతోంది. ఇదేం పనే అన్నాను.

"వాడు తినొచ్చేదాకా అక్కా. ఇది కదలకపోతే వాడు కుర్చీలో లేడని కంపెనీకి తెలిసిపోద్దంట. ఊరికే ఇట్లా తిప్పుతుంటే చాలు."

వంటింట్లో వాడు నిలబడే గబగబా తింటున్నాడు. నావైపు చూడలేదు. నువ్వూ ఏదైనా కాగితం మీద సంతకం పెట్టావా అని అడిగాను. పెట్టానన్నాడు. చదివావా అన్నాను.

"లేదు పెద్దమ్మా. ఫోన్లో వచ్చింది. కింద నొక్కేశానంతే."

బొటనవేలితోనేనా నొక్కావని నేను అడగలేదు. ఒకరి పని ఇంకొకరు చూపకూడదని దాంట్లోనూ ఉందేమో, ఉంటే చదివి చెప్పనా అని కూడా అనలేదు. కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకున్నాను. చెల్లెలు కంప్యూటర్ కెమెరాకి కనబడకుండా తల ఇంకాస్త వంచి, ఆ నున్నటి వేళ్ళతో తిప్పుతూనే ఉంది.