మా ఇంట్ల ఏం తిన్నవ్ చెప్పు

దొంగ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ దొంగకు తలుపు తీసిపెట్టిన తెలివితక్కువవాడి సంగతి చెప్పాలి. వాడు నేనే. లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడు, బోధన్ చుట్టుపక్కల చెరకు కోతలు మొదలైన రోజులవి. బస్టాండుకు కాస్త ఇవతల నా కంప్యూటర్ రిపేరు దుకాణం. ఊళ్లో సగం ఇళ్ల విండోస్ బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. కిటికీలన్నింటికీ గొళ్లాలు బిగించి, వాకిలి బార్లా తెరిచిపెట్టిన ఘనత కూడా నాదే.

మా వైపు కంప్యూటర్లకు వచ్చే జబ్బులు కొంచెం వేరు. నిజామాబాద్ పసుపు మార్కెట్ యార్డు దగ్గరి ఇళ్ల నుంచి వచ్చే డబ్బా విప్పితే, లోపలి ఫ్యాను పసుపు పూసుకున్న పెళ్లికూతురిలా ఉంటుంది. గాలి ఆడక వేడెక్కి నత్తనడక నడుస్తుంది. బోధన్ డబ్బాల్లో చీమలు. బెల్లం తిన్న చేత్తో కీబోర్డు కొడితే అవి ఊరుకుంటాయా? ఇక అందరికీ ఉండే జబ్బులు ఉండనే ఉన్నాయి. ర్యామ్ తక్కువ, ‘రామా’ అనుకోవడం ఎక్కువ. ఎవరో మంచిదన్నారని రెండు యాంటీవైరస్‌లు వేసుకుంటారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, అవి వైరస్‌ను వదిలేసి ఒకదాన్నొకటి అనుమానిస్తూ కూర్చుంటాయి. ఆన్ చేయగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాములను స్టార్టప్ అంటాం. వాటిలో పనికిరానివి ఆపి, దుమ్ము దులిపి, అప్‌డేట్‌లు వేస్తే సగం కంప్యూటర్లు లేచి పరిగెత్తుతాయి.

ఈపాటి పనికి ఇదివరకు రెంజల్ దాకా, కందకుర్తి దాకా బండి మీద వెళ్లేవాణ్ణి. ఏ ఇంటికి వెళ్లినా తినకుండా కదలనిచ్చేవారు కాదు. ఒక ఇంట్లో మక్క గుడాలు, ఇంకో ఇంట్లో సకినాలు, రంజాన్ నాడు చిక్కితే షీర్ ఖుర్మా. తర్వాత రిమోట్ యాక్సెస్ వచ్చింది. అంటే దుకాణంలో కూర్చునే అవతలి ఇంటి కంప్యూటర్‌ను నా చేతిలోకి తీసుకునే సాఫ్ట్‌వేర్. అది వచ్చాక నాకు పెట్రోలు ఖర్చూ తగ్గింది, పొట్టా తగ్గింది.

కస్టమర్లకు నేను నేర్పిన పాఠం ఒక్కటే. “దుకాణం నుంచి ఫోన్ వస్తే తెర మీద కనిపించే నంబర్ చదవండి. ఒప్పుకుంటారా అని అడిగితే ఒప్పుకోండి. మధ్యల ప్రశ్నలు అడగొద్దు, టైం పోతది.” అందరూ బుద్ధిగా నేర్చుకున్నారు. నా మాట వినని కస్టమర్ లేడని గర్వపడేవాణ్ణి కూడా.

ఆ పాఠాన్ని అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నది ఎస్తేరు టీచరమ్మ. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. చర్చి వెనక గల్లీలో ఇల్లు. రిటైరయ్యాకే కంప్యూటర్ కొనుక్కుని, నా దగ్గర కూర్చుని తెలుగు టైపింగ్ పట్టుదలగా నేర్చుకున్నారు. గల్లీలో పింఛన్ దరఖాస్తు కావాలన్నా, పిల్లల స్కాలర్‌షిప్‌కు అర్జీ కావాలన్నా ఆమె వరండాకే వెళ్లేవారు. క్రిస్మస్ దగ్గరకు వస్తే గాయకబృందం పాటలన్నీ ఆమే టైపు చేసేవారు. “సుద్దముక్క పోయింది, ఇది దొరికింది” అనేవారు కీబోర్డు చూపించి.

ఒక మధ్యాహ్నం ఆమె ఆటో దిగి దుకాణంలోకి వచ్చారు. స్టూలు మీద కూర్చుని మెల్లగా అడిగారు.

“శీనూ, నీ దుకాణంల కొత్తగ ఎవల్నన్న పెట్టుకున్నవా?”

“లేదు టీచరమ్మా. నాకే గిరాకీ తక్కువున్నది, ఇంకొకణ్ణి యాడ పెట్టుకుంట?”

“అయితే పొద్దుగాల ఫోన్ చేసింది ఎవలు?”

ఫోన్ చేసినవాడు ‘సర్వీస్ సెంటర్ నుంచి’ అన్నాడట. మీ కంప్యూటర్ స్లో అయిందా అని అడిగాడట. ఎవరి కంప్యూటర్ స్లో కాలేదు కనుక! జాతకం చెప్పేవాడు ‘మీ మనసులో ఒక బెంగ ఉంది’ అన్నట్టే ఇదీ. ఆమె నా మనిషే అనుకున్నారు. వాడు చెప్పిన సాఫ్ట్‌వేర్ దించుకుని, నంబర్ చదివి, అడిగిన చోటల్లా ఒప్పుకున్నారు. ప్రశ్నలు అడగలేదు. నేను అడగొద్దన్నాను కదా.

వాడు లోపలికి దూరి ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. అది కంప్యూటర్ తన కోసం తాను రాసుకునే డైరీ. ఎంత ఆరోగ్యంగా ఉన్న మెషీన్‌లోనైనా అందులో ఎర్రగుర్తులు ఉంటాయి. మనిషికి తుమ్ము వచ్చినట్టు, దానికీ చిన్న చిన్న తడబాట్లు. వాడు ఆ తుమ్ములన్నీ చూపించి క్షయ అన్నాడు. ఇవన్నీ వైరస్‌లు, ఇప్పుడే డబ్బు కట్టకపోతే అన్నీ పోతాయి అన్నాడు.

“పైసల మాట రాంగనే నేను మా కొడుకునడిగి చెప్త అన్న. అప్పుడు వాడు ‘ముసలిదానా, నీకు కంప్యూటర్ ఎందుకే’ అన్నడు శీనూ. తెర నల్లగైంది. మల్ల ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతున్నది. నేను పెట్టలే ఆ పాస్‌వర్డ్.”

నాకు ఒళ్లు మండింది. జేబు కొట్టేవాడు జేబు కొట్టి పోతాడు. డబ్బు రాలేదని మనిషి పరువు మీద ఉమ్మి పోయేవాణ్ణి ఏమనాలి?

వెంటనే వాళ్లింటికి వెళ్లాను. అది పాత విండోస్. కొత్తదానికి మారుద్దామని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఆ పాత వాటిలో మొదట్లోనే అడ్డంపడే ఒక పాస్‌వర్డ్ పెట్టే వీలుంది. ఆ దొంగ చేసింది అదే. అదృష్టం ఏమిటంటే ఆ తాళం గుమ్మానికే, లోపలి సామానుకు కాదు. ఇంటర్నెట్ తీగ పీకేశాను. హార్డ్ డిస్క్, అంటే ఫైళ్లన్నీ ఉండే భాగం, విప్పి దుకాణానికి తెచ్చి నా మెషీన్‌కు తగిలించాను. పాటలు, దరఖాస్తులు అన్నీ ఉన్నాయి. వేరే డిస్కులోకి కాపీ చేసి, కొత్త విండోస్ వేసి, ఆమె మెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ మార్పించాను. పోలీసులకు ఫిర్యాదు కూడా ఇచ్చాం. యంత్రం మర్నాటికే కోలుకుంది.

మనిషి కోలుకోలేదు. నా కోపం అసలు మొదలైంది ఇక్కడే.

దొంగను ఎవరూ ఒక్క మాట అనలేదు. గల్లీలో, చర్చిలో, ఆటో స్టాండులో ఎవరు కలిసినా ఆమెనే అడిగారు. “చదువుకున్నదానివి, ఎట్ల ఇచ్చినవ్ టీచరమ్మా?” ఇంట్లో దొంగలు పడితే ఇల్లు ఎందుకు కట్టుకున్నావని ఎవరూ అడగరు. కంప్యూటర్‌లో పడితే మాత్రం పోగొట్టుకున్నవాళ్లే ముద్దాయిలు. నిజామాబాద్‌లో రైతుల పసుపు అమ్మిపెట్టే ఆడ్తి దుకాణంలో పనిచేసే ఆమె కొడుకు డేవిడ్ కూడా పరుగెత్తుకొచ్చాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు, భయంతో.

“శీనన్నా, ఆ డబ్బ నువ్వే తీస్కపో. అమ్మకు ఈ వయసుల గివన్నెందుకు? టీవీ సూస్కుంట కూసుంటే సాలదా?”

టీచరమ్మ లోపలి నుంచి పాత చీర తెచ్చి కంప్యూటర్ మీద కప్పారు. శవం మీద కప్పినట్టు అనిపించింది నాకు.

“డేవిడ్, తిడితే నన్ను తిట్టు,” అన్నాను. “అమ్మకు ప్రశ్నలు అడగొద్దని నేర్పింది నేనే.”

“నువ్వా?”

“నేనే. నా పెట్రోలు మిగులుతదని.”

అతను నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. “అయితే ఈ నెల చూస్త,” అన్నాడు. “మల్ల గిట్లయితే నేనే తీస్కపోయి యాడనన్న పారేస్త.”

డిసెంబరు వచ్చింది. పాటల కాగితాలు ఎప్పుడిస్తారని గాయకబృందం వాళ్లు అడిగితే, ఈసారి బయట చేయించుకోమన్నారట. పింఛన్ కాగితాలు పట్టుకుని వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వరండా దాకా వచ్చి, చీర కప్పిన డబ్బాను చూసి వెళ్లిపోయారట. ఆ సంగతి తెలిసి ఉండబట్టలేక ఒకరోజు వెళ్లాను. పని ఏమీ లేదు, కానీ చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకునే వెళ్లాను. అది లేకుండా పోతే ఏ ఇంట్లోనూ నాకేం మాట్లాడాలో తెలియదు.

బ్యాకప్ అంటే ఏమిటో చెప్పాను. ఫైళ్ల నకలు ఇంకో డిస్కులో పెట్టి, దాన్ని తీసి బీరువాలో దాచుకోవడం. రోజువారీ పనికి వేరే ఖాతా చేశాను. అందులో ఉండగా కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కాలంటే ఇంకో పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్ని గుర్తుంచుకోండి, ఎవరికీ చెప్పొద్దు అన్నాను. ఆమె అన్నీ విని, సర్వపిండి పళ్లెం నా ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“శీనూ, బడిల ఇన్నేండ్లు పిల్లలకు ఏం చెప్పిన్నో ఎరికేనా? తెల్వకుంటే అడుగుండ్రి, సిగ్గుపడకుండ్రి అని. నువ్వొచ్చి అడగొద్దంటివి. నేను సరే అంటి. వాడు నన్ను మోసం చేసిండని కాదు నా బాధ. నా పాఠం నేనే మరిచిపోయిన.”

నా నోట్లో సర్వపిండి ఉంది. పళ్లెం కింద పెట్టేశాను.

“ఇగ నువ్వు ఫోన్ చేసినా, నీ పేరు చెప్పి ఎవలు చేసినా, నేనొక ప్రశ్న అడుగుత. జవాబు చెప్తెనే నంబర్ చదువుత.”

“ఏం ప్రశ్న టీచరమ్మా?”

“మా ఇంట్ల పోయినసారి ఏం తిన్నవ్ చెప్పు.”

పెద్ద పెద్ద కంపెనీల భద్రతా ఏర్పాట్లు చదివినవాణ్ణి నేను. ఇంతకంటే తిరుగులేనిది చూడలేదు. ఏ దొంగా దొంగిలించలేడు, ఎక్కడా రాసిపెట్టనక్కర్లేదు, నేను వెళ్లిన ప్రతిసారీ దానంతటదే మారుతుంది. ఆ వారమే కస్టమర్లందరికీ ఫోన్ చేసి పాత పాఠం రద్దు చేసి కొత్త పాఠం చెప్పాను. జవాబు చెప్పాలంటే ముందు తిని ఉండాలి కదా, ఫలితంగా మళ్లీ ఇళ్లకు తిరగాల్సి వచ్చింది. పొట్ట తిరిగి వచ్చింది. ఫోన్‌లో నేను “బూరెలు, రెండు కాదు, నాలుగు” అని జవాబు చెబుతుంటే మా ఆవిడ విన్నది. దాంతో నేను రాత్రిపూట చేస్తున్న చపాతీల పథ్యం మీద ఆమెకున్న నమ్మకం పోయింది. అది వేరే కేసు.

చీర తీసి టీచరమ్మ పాటలు కొట్టడం మొదలుపెట్టారు. అంతలో ఆ దొంగలు మళ్లీ ఫోన్ చేశారు. ఒకసారి చిక్కినవాళ్ల నంబర్‌ను ఈ ముఠాలు వదలవు. వేరే గొంతు, అదే పాట. శ్రీను కంప్యూటర్స్ నుంచే కదా అని ఆమె అమాయకంగా అడిగితే, అవునమ్మా శ్రీనునే మాట్లాడుతున్నా అన్నాడట.

“అయితే చెప్పు నాయనా, మా ఇంట్ల ఏం తిన్నవ్?”

“ఏంటమ్మా?”

“పోయినసారి వచ్చినప్పుడు. ఏం పెట్టిన?”

“అదీ... ఇడ్లీ అమ్మా.”

“ఇడ్లీ!” అని ఆమె తర్వాత నాతో నవ్వారు. “మా ఇంట్ల ఇడ్లీ పాత్రనే లేదు శీనూ.” కానీ ఫోన్‌లో నవ్వలేదు. వంట మీదున్న, అన్నం తిన్నంక చెయ్యి నాయనా అని చెప్పి పెట్టేసి, నాకు ఫోన్ కొట్టారు.

నా దుకాణం మూలన ఒక ముసలి కంప్యూటర్ ఉంది. బెల్లం కాంటా దగ్గర పనిచేసి రిటైరైంది. చీమలు దాన్ని పుట్టగా నమోదు చేసుకున్నాయి. డిస్కులో విండోస్ తప్ప ఏమీ లేదు, ఆ విండోస్ కూడా ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. దాన్ని బండి మీద పెట్టుకుని వెళ్లి వరండాలో దించాను. టీచరమ్మ మెషీన్ ఆపేసి పక్కన పెట్టి, ముసలిదానికి నా ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చాను. సెలవు రోజు కాబట్టి డేవిడ్ కూడా ఉన్నాడు. వద్దమ్మా, ఎందుకు వాళ్లతోని, అంటూనే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టాం.

“కంప్యూటర్ ఆన్ చేశారా అమ్మా?”

“చేసిన నాయనా. తిరుగుతున్నది.”

కాసేపటికి, “వచ్చిందా అమ్మా?”

“నీలం రంగొచ్చింది. మల్ల పోయింది. మల్ల తిరుగుతున్నది. నువ్వు అన్నం తిన్నవా?”

“తర్వాత తింటానమ్మా. ఇప్పుడు నేను చెప్పిన పేరు టైప్ చేయండి.”

“ఒక్క అక్షరం కొట్టిన. ఇంకా రాలే. ఆఁ, వచ్చింది. ఇంకోటి కొట్టనా?”

చీమ ఒకటి కీబోర్డులోంచి బయటికొచ్చి, పరిస్థితి చూసి మళ్లీ లోపలికి పోయింది. వాడు దించుకోమన్న సాఫ్ట్‌వేర్ దిగుతూనే ఉంది. మధ్యలో మెషీన్ దానంతటదే ఆరిపోయింది. మొదటి నుంచి మొదలుపెట్టాం. టీచరమ్మ పక్కకు వెళ్లి చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, “లైన్ల ఉన్నవా నాయనా? ఓపిక పట్టాలె, ఓపికతోనే విద్య వస్తది” అన్నారు. డేవిడ్ నోరు రెండు చేతులతో మూసుకున్నాడు. వాడు మాతో ఉన్నంతసేపు ఇంకో ఇంటికి ఫోన్ చేయలేడని నాకు ఒకటే సంతోషం. ఎండ వరండా చివరి మెట్టు దిగిపోయింది.

చివరికి ఆ గొంతు అలిసిపోయింది. అందులో దొంగతనం కూడా పోయింది. నిజంగా జాలిపడుతున్నట్టే వినిపించింది.

“అమ్మా, మీ కంప్యూటర్ చాలా స్లోగా ఉంది. నా వల్ల కాదు. ముందు ఎవరైనా మంచి మెకానిక్‌ను పిలిచి చూపించుకోండి.”

“పిలిచిన నాయనా,” అన్నారు టీచరమ్మ, నా పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ. “నా పక్కనే కూసోని సర్వపిండి తింటుండు. ఇడ్లీ కాదు, రాసుకో.”